అన్నా, నేను పూలు చూడటానికే పోతున్నాను

సింగపూర్,
ఆదివారం మధ్యాహ్నం.

అన్నకు,

వరలక్ష్మి నమస్కరించి రాసేది. నేను ఇక్కడ బాగున్నాను. కుట్లు పూర్తిగా ఆరిపోయాయి, జ్వరం లేదు, తిన్నది ఒంటికి పడుతోంది. అక్కడ నువ్వూ వదినా పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నాయనకు మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? ఉరవకొండ డాక్టరు రాసిచ్చిన మాత్రలు పరగడుపున వేయకండి, ఏదైనా తిన్నాకే ఇవ్వండి. ఈ మాట వదినకు చెప్పు. నీలోనే ఉంచుకుంటే మరిచిపోతావు.

చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరం ఎందుకు రాసిందా అనుకుంటావు. ఫోన్లో నువ్వు నన్ను ఒక్క మాట పూర్తి చేయనివ్వవు. నేను నోరు తెరిచేలోపు నువ్వు పది మాటలు అనేస్తావు. కాగితం మీద నువ్వు నాకు అడ్డం రాలేవు. నాతో పనిచేసే గుత్తి అమ్మాయి సెలవు మీద ఇంటికొస్తోంది, ఆమె చేతికిచ్చి పంపుతున్నాను. కోపంగానే రాస్తున్నాను. చల్లారాక రాద్దామని పదిరోజులు ఆగాను. చల్లారలేదు.

మొదట నా ఒంటి సంగతి చెబుతాను, ఎందుకంటే నువ్వు దాని గురించి ఏనాడూ సరిగ్గా అడగలేదు. ఆరేళ్లుగా నాకు గర్భసంచిలో గడ్డలు. నెలకు పదిహేను రోజులు రక్తం పోయేది. ఆ ఒంటితోనే నేను ఈ వృద్ధాశ్రమంలో నర్సుగా నిలబడ్డాను. నాకంటే బరువైన ముసలివాళ్లను మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టాను. పిల్లలు కలగలేదని ఆయన నన్ను వదిలేసి ఇంకో పెళ్లి చేసుకున్నప్పుడు కూడా ఇంతే, రెండో రోజే డ్యూటీకి పోయాను. చివరికి డాక్టర్లు గర్భసంచి తీసేయాలన్నారు, తీసేశారు. వదిన ఫోన్లో, ఇంట్లో ఎవరో పోయినట్టు ఏడ్చింది. ఆమెను తప్పు పట్టను, ఆమె మనసు మెత్తన. కానీ నేను ఏడవలేదు అన్నా. మత్తు దిగి కళ్లు తెరిచాక, ఇక రక్తం పోదు కదా అనుకున్నాను. అంతే.

ఆసుపత్రిలో వారం ఉన్నాను. మూడు పూటలా బియ్యం గంజి, అందులో ఉప్పు కూడా సరిగ్గా ఉండదు. వేడి వేడి రాగి సంగటి, రోట్లో నూరిన ఊరిబిండి పచ్చడి కళ్లముందు కనపడేవి. కిటికీ బయట రోజూ మధ్యాహ్నానికి వాన. ఇక్కడ వాన కోసం ఎవరూ తలెత్తి చూడరు. నేను మాత్రం పడుకుని చూసేదాన్ని, ఇందులో సగమైనా మన ఊరి మీద కురవకూడదా అని.

పక్క మంచం మీద లిమ్ ఆంటీ ఉండేది. చైనా మనిషి, అరవై దాటాయి, చాలా ఏళ్లు బడి బస్సు నడిపి రిటైరయింది. నాకు చేసిన ఆపరేషనే ఆమెకూ చేశారు, నాకంటే మూడురోజుల ముందు. ఇద్దరం కడుపు మీద చెయ్యి పెట్టుకుని వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిచేవాళ్లం. ఒకరోజు ఆమె తన ఫోన్లో జపాన్‌లో వసంతం పూసే చెట్లు చూపించింది. ఆకు కనపడదు, కొమ్మంతా పూతే, తెలుపులో కొంచెం గులాబీ. కింద జనం చాపలు పరుచుకుని కూర్చున్నారు. పూజ లేదు, పెళ్లి లేదు. ఊరికే చూస్తున్నారు.

"ఈసారి పోదాం అనుకున్నా, ఈ ఆపరేషన్ అడ్డం వచ్చింది" అంది.

"కుట్లు మానడానికి ఆరు వారాలు. పూలు పూయడానికి ఎన్ని వారాలు?" అన్నాను.

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది. ఏడు. ఇద్దరం నవ్వడం మొదలుపెట్టాం. నవ్వితే కుట్లు లాగుతాయి కదా, కడుపుకు దిండు అదుముకుని మరీ నవ్వాం. ఆ పూటే కాగితం మీద ప్రయాణం రాసుకున్నాం. ఇద్దరికీ కలిపి ఒకటే చక్రాల పెట్టె, ఎత్తడానికి బరువుండకూడదు. రోజుకు ఒకే తోట. గంట నడిస్తే గంట కూర్చోవడం. ఆమె కూతురు టికెట్లు, వీసా కాగితాలు చూస్తానంది.

అన్నా, ఒక్కసారి ఆలోచించు. నేను ఇప్పటిదాకా ఎక్కిన బస్సు, రైలు, విమానం అన్నీ ఎవరో ఒకరి పని మీదే. చదువుకని అనంతపురం, ఉద్యోగమని బెంగళూరు, ఆమీదట ఇక్కడికి. అమ్మ పోతే వచ్చాను, నీ కూతురి పెళ్లికి వచ్చాను. చూడాలనిపించిందని ఒక్క ఊరికి పోయింది లేదు. ఆ సంతోషం పట్టలేక మూడో వారంలో నీకు ఫోన్ చేసి చెప్పాను. ఆరోజు నువ్వన్న మాటలు ఒక్కటి కూడా మరవలేదు.

"ఏం మే, మతి ఉండాదా నీకు? కడుపు కోసి నెల గూడా కాలే, పూలు చూడ్డానికి జపాను పోతాండావా?"

"డాక్టరు సరేనంటేనే పోతా అన్నా. ఇంకా నెల ఉండాది."

"ఈడ లేవా పూలు? మల్లెలు లేవా, బంతిపూలు లేవా? ఇంటికి రా. మీ వదిన పథ్యం చేసి పెడతాది. మూడు నెల్లు మూలకు కూచో."

"వానాకాలంలో వస్తాలే అన్నా. ఇప్పుడు…"

"ఎవరున్నారని ఒక్కదానివే తిరుగుతావు? ఊర్లో అందరూ నువ్వు ఏడ్చుకుంటా పండుకోనుంటావని అయ్యో పాపం అంటాండారు. నువ్వేమో టికెట్లు చూస్తాండావు! నేను వాళ్లకేం చెప్పల్ల?"

ఊరు పాపం అనడానికి వీలుగా నేను ఏడుస్తూ పడుకోవాలా అన్నా? అదేనా నువ్వు అడిగింది?

నీకు హెర్నియా ఆపరేషన్ అయిన నెలకు ఏం చేశావో మరిచావా? కణేకల్లులో ఎద్దుల బండలాగుడు పందెం అని ట్రాక్టరెక్కి పోయావు. వదిన గడప దగ్గర నిలబడి వద్దని బతిమాలినా ఆగలేదు. సాయంత్రానికి కుట్టు విడిపోయి చొక్కా తడిసి వచ్చావు. అప్పుడు సెలవులో ఉన్నది నేనే. వారంరోజులు రెండు పూటలా కట్టు మార్చింది నేనే. ఒక్క మాటైనా అన్నానా? ఊర్లో ఎవరైనా నిన్ను మతి ఉందా అని అడిగారా? పందెం గురించి అడిగారు, ఏ జత గెలిచిందని అడిగారు. నువ్వు మంచం మీద పడుకుని కథలు కథలుగా చెప్పావు.

సరే, ఫోన్లో తిట్టావు, అన్నవు కదా అని ఊరుకున్నాను. కానీ ఆ తర్వాత నువ్వు చేసిన పని ఉంది చూడు, దానికి ఊరుకోను.

మా ఇన్‌ఛార్జి జ్యోతి మేడం నంబరు నీకు ఎందుకిచ్చాను? ఆపరేషన్ బల్ల మీద నాకేమైనా అయితే ఆమె నీకు చెప్పాలని, నువ్వు ఆమెను అడగాలని. ఆ నంబరుకు నువ్వు నాకు తెలియకుండా ఫోన్ చేశావు. ఆమె బళ్లారి మనిషని తెలిసి కన్నడంలో మాట్లాడావు. డాక్టర్లు ప్రయాణం వద్దన్నారని చెప్పావు. ఎవరన్నారు? ఏ డాక్టరు? అంతటితో ఆగావా? ఆపరేషన్ అయినప్పటినుంచి మా చెల్లికి బుద్ధి స్థిరంగా లేదు, సెలవివ్వొద్దు అన్నావు.

నర్సు బుద్ధి స్థిరంగా లేదంటే ఏమవుతుందో తెలుసా నీకు? మందులు మా చేతుల్లో ఉంటాయి. ముసలివాళ్ల ప్రాణాలు మా చేతుల్లో ఉంటాయి. మేడం విని ఊరుకోవడానికి వీల్లేదు. నా సెలవు ఆపేశారు. మనసు డాక్టరు చూసి రాసిస్తే తప్ప డ్యూటీలోకి కూడా తీసుకోం అన్నారు. ఇరవై ఏళ్లు మచ్చ లేకుండా చేసిన ఉద్యోగం అన్నా. నేను ఒక గదిలో కూర్చుని, నాకే కూతురుంటే ఆ వయసుండే డాక్టరమ్మ అడిగే ప్రశ్నలకు జవాబులు చెప్పాను. నిద్ర పడుతోందా? ఊరికే ఏడుపొస్తోందా? చచ్చిపోవాలనిపిస్తోందా?

"లేదు. పూలు చూడాలనిపిస్తోంది" అన్నాను.

ఆమె తలెత్తి చూసింది. అప్పుడు మొత్తం చెప్పాను, గడ్డలు, లిమ్ ఆంటీ, నువ్వు, అన్నీ. ఆమె కలం కింద పెట్టి విన్నది. చివర్లో, "మీకు వచ్చింది జబ్బు కాదు, కోపం. దానికి నా దగ్గర మందు లేదు" అని నవ్వి, కాగితం మీద సంతకం పెట్టింది. ఆపరేషన్ చేసిన డాక్టరు కూడా కడుపు నొక్కి చూసి, బరువు ఎత్తనంటే పోయి రమ్మన్నాడు. జ్యోతి మేడం తన గదిలోకి పిలిచి టీ ఇచ్చింది. "మీ అన్నే చెప్పాడు కదా, అబద్ధం ఎందుకు చెబుతాడనుకున్నాను" అంది. నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు. తప్పు చేసింది నువ్వు, తల దించుకుంది నేను.

ఇదంతా తేలేసరికి మూడు వారాలు పోయాయి. ఈ ఏడు చలి తొందరగా తగ్గిందట, పూలు అనుకున్నదానికంటే ముందే పూశాయి. మేం పోదామనుకున్న ఊర్లో అప్పటికే రాలిపోయాయి. ఆ ఫోటోలు చూసిన రోజు నాకు ఏడుపొచ్చింది. గర్భసంచి తీసేస్తే రాని ఏడుపు, నీ వల్ల వచ్చింది.

లిమ్ ఆంటీ ఏడవలేదు. బస్సు నడిపిన మనిషి కదా, దారి మూసేస్తే ఇంకో దారి చూస్తుంది. జపాన్ పటం తెచ్చి నా మంచం మీద పరిచింది. పూత దక్షిణం నుంచి మొదలై మెల్లగా ఉత్తరానికి పోతుందట, చలి ఎంత ఎక్కువైతే అంత ఆలస్యం. పైపైకి వేలు జరుపుతూ పోయి, ఒక చిన్న ఊరి దగ్గర ఆపింది. "ఇక్కడ ఇంకా మొగ్గలే. మనకోసం ఆగాయి" అంది. ఆ ఊరికే టికెట్లు తీసుకున్నాం. బుధవారం బయలుదేరుతున్నాం. ఈ ఉత్తరం నీకు అందేసరికి నేను ఆ చెట్ల కింద ఉంటాను.

నిన్న నువ్వు ఇంట్లో లేనప్పుడు వదిన ఫోన్ తీసి నాయనకు ఇచ్చింది. నాయనకు నువ్వేమీ చెప్పలేదట, నేనే చెప్పాను. వద్దంటాడేమోనని భయపడ్డాను.

"ఆ చెట్లకు నీళ్లెవరు పోస్తారు?" అన్నాడు మొదట.

"వానే నాయనా. మంచు కరిగిన నీళ్లు."

"కాయ కాస్తాదా?"

"చానా వాటికి కాయదంట. పూత ఒకటే."

"ఎన్నాళ్లుంటాది?"

"వారం. గాలి కొడితే అదీ ఉండదు."

తర్వాత అన్నాడు.

"మన సెనిక్కాయ చేను పూతకొచ్చినప్పుడు పొద్దున్నే పోయి గట్టు మీద కూచుంటాంటి. కలుపు చూడ్డానికని మీ అమ్మకు చెప్తాంటి. కలుపూ లేదు ఏమీ లేదు. ఆకుల సందున పసుప్పచ్చగా పూలు కనపడతాంటే బాగుంటాదని పోతాంటి. ఎవరికన్నా చెప్తే నవ్వుతారని చెప్పలే. నువ్వు పోయిరా పాపా. చలి ఉంటాదేమో, స్వెట్టరు ఏసుకో."

నాకీ సంగతి తెలియదు అన్నా. నీకు తెలుసా? అంత కరువులో, వాన వస్తుందో రాదో తెలియని ఏళ్లలో, నాయన పూలు చూడటానికి అబద్ధం చెప్పి పోయేవాడు.

ఇక నీతో చెప్పేది రెండే మాటలు. నేను తిరిగొచ్చేలోపు జ్యోతి మేడంకు ఫోన్ చేసి, "నేను చెప్పింది అబద్ధం" అని నీ నోటితో చెప్పు. ఏ కన్నడంలో అన్నావో ఆ కన్నడంలోనే చెప్పు. అది అయ్యాక ఆ నంబరు తీసేయి. నువ్వు నా మీద ప్రేమతోనే చేశావని వదిన అంటోంది. అయ్యుండొచ్చు. ఆ ప్రేమ నన్ను పిచ్చిదాన్ని చేయాల్సిన పని లేదు.

గుత్తి అమ్మాయి తిరిగొచ్చేటప్పుడు రెండు సేర్లు రాగిపిండి, ఇంత ఊరిబిండి పంపించమని వదినకు చెప్పు. ఊరిబిండిలో కారం తగ్గించవద్దు, నా కడుపుకు ఏమీ కాదు. పిల్లలకు నా ముద్దులు. పెద్దమ్మకు, చిన్నాయనకు నా దండాలు. వానాకాలంలో తప్పకుండా వస్తాను, అందరినీ చూస్తాను, నిన్ను కూడా. నాయన కాళ్లకు మొక్కుతున్నాను, దీవించమని అడుగు.

నాయనకు చదవడం రాదు కాబట్టి ఈ ఉత్తరం ఆయన పక్కన కూర్చుని నువ్వే చదివి వినిపించు. మొదటి నుంచి చివరిదాకా చదువు. నిన్ను తిట్టిన చోట గొంతు తగ్గించకుండా చదువు.

నీ చెల్లెలు,
వరలక్ష్మి