కిటికీ తెరిచినా కదలని అంకె

సీతాఫల్‌మండి,
ఆదివారం ఉదయం.

ప్రియమైన అక్కకు,

సుజాత నమస్కారాలు. నువ్వూ బావగారూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నాన్నమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్‌లో ఇదంతా చెప్పడం కుదరదని రాస్తున్నాను. కంగారు పడకు, ఒంట్లో బాగానే ఉంది.

ఇక్కడ పొద్దున పూట చలి ఎక్కువ. ఇంటావిడ జొన్నరొట్టె చేయడం నేర్పింది, నాది ఇంకా గుండ్రంగా రాదు. ఎవరైనా ఇటు వస్తే నా పాత నేత దుప్పటి పంపించు.

ఆఫీసులో మేం చేసేది నెలలు నిండని పసిపిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టె అని తెలుసుగా. బిడ్డ ఒళ్లు చల్లగా ఉండి, గాలి కూడా చల్లగా ఉంటే వేడి పెంచమని అందులో ఒక నియమం. దాన్ని నడిపే ఫజ్జీ లాజిక్ అనే లెక్కలో చల్లగా ఉందా లేదా అని కాదు, ఎంత చల్లగా ఉందన్నది సున్నాకీ ఒకటికీ మధ్య ఒక అంకె. ఆ రెండు అంకెల్నీ ఎలా కలపాలో తేల్చడం నా పని. పాత డిజైన్‌లో రెండిట్లో చిన్నదాన్నే తీసుకునేవారు.

పోయిన నెల బిడ్డకు బదులు నీళ్ల సంచి పెట్టి పరీక్షించాం. రైల్వే వర్క్‌షాపులో రిటైరై మా దగ్గర చేస్తున్న యాదగిరి గారు కిటికీ తెరిచారు. గాలి చల్లదనం అంకె పాయింట్ ఐదు నుంచి పాయింట్ తొమ్మిదికి ఎక్కింది. బిడ్డ ఒంటికి బదులున్న నీళ్ల సంచి అంకె మాత్రం పాయింట్ నాలుగే. చిన్నది అదే కాబట్టి ఫలితమూ అక్కడే ఆగింది, హీటరు కదల్లేదు.

"ఏందమ్మా, గింత చలి పెట్టినా దీనికి జెర సుత సమజైతలేదు?" అన్నారాయన.

రెండిట్నీ గుణిస్తే గాలి మారినప్పుడల్లా ఫలితమూ మారుతుంది. కాకపోతే గుణించినప్పుడు అంకె చిన్నదైపోతుంది, వేడి మోతాదులన్నీ మళ్లీ సరిచేయాలి. ఆసుపత్రివాళ్లకు చూపించే రోజేమో దగ్గర పడింది.

మేనేజర్ విసుక్కున్నారు. "డెమో అయిపోనీ సుజాతా. అందరూ వాడే పద్ధతే కదా?"

"చాలా చోట్ల అది చాలు సార్. ఇక్కడ చాలదు. పరీక్ష పాసైందని నేను సంతకం పెట్టలేను," అన్నాను.

డెమో వాయిదా పడింది. గుణకారానికి మార్చి మోతాదులన్నీ సరిచేయడంలో నావల్ల ఆదివారాలు పోయాయని జట్టులోవాళ్లు మాటలు మానేశారు. భోజనాల దగ్గర నేను కూర్చోగానే లేచిపోయేవారు. యాదగిరి గారొక్కరే, "తిన్నవా బిడ్డా?" అని అడిగేవారు. అంతే, రోజంతటికీ ఆ ఒక్క మాట.

మొన్న శుక్రవారం మళ్లీ కిటికీ తెరిచాం. ఈసారి నీళ్ల సంచి ఇంకా చల్లబడకముందే హీటరు అందుకుంది. మేనేజర్ చాలాసేపు చూసి, కాగితం నా ముందుకు జరిపారు. సంతకం పెట్టాను. అందరూ ఎవరి బల్లల దగ్గరికి వాళ్లు వెళ్లిపోయారు.

ఎవరికి చెప్పుకోవాలో తెలియక సాయంత్రం మోండా మార్కెట్ దాకా నడిచాను. అక్కణ్ణుంచి స్టేషన్‌కు వెళ్లి ప్లాట్‌ఫాం టికెట్ కొన్నాను. ఒక పెద్దావిడ సంచులు మోయలేక, "ఏవమ్మా, కాకినాడెళ్లే బండి ఇదేనాండీ?" అంది. మన వైపు యాస విని ఎన్నాళ్లయిందో! సంచులు పట్టుకెళ్లి ఆవిణ్ణి సీట్లో కూర్చోబెట్టాను.

"నువ్వూ వత్తున్నావా అమ్మా?"

"లేదండీ. నాకిక్కడ పనుందండీ," అన్నాను. ఆ మాట నాకే కొత్తగా వినిపించింది. బండి కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపాను, పేరైనా అడగలేదు.

నా గురించి దిగులు పెట్టుకోకు. నాన్నమ్మ పాదాలకు నా తరఫున దణ్ణం పెట్టి, ఆ పెట్టెలో పడుకోబోయే పిల్లల్ని కూడా దీవించమను. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ చెల్లెలు,
సుజాత