మూడో వరుస

లైసెన్సుల ఆఫీసరు గారికి,

పోయిన నెల కంటి పరీక్షలో మీరు ఫెయిల్ చేసిన స్కూలు బస్సు డ్రైవరు భార్యను నేను. ఆ రోజు ఆయన ఇంటికొచ్చి ఖాకీ చొక్కా మడిచి పెట్టెలో పెట్టేశారు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషిని గోడమీది అక్షరాలు చదవమంటారా అని మిమ్మల్ని నోరారా తిట్టుకున్నాను. ఆ కోపంలోనే మర్నాడు మీ ఆఫీసుకొచ్చి, ఆ చార్టంతా కాగితం మీద రాసుకుపోయాను. అప్పట్నుంచి రోజూ కూరలు తరుగుతూ ఆయన చేత అప్పజెప్పించుకుంటున్నాను. ఇప్పుడు గడగడా చెప్పేస్తున్నారు.

మొన్న పట్టపగలు మా కోడలు గేటు దగ్గర నిలబడి ఉంటే, "ఎవరమ్మా, ఎవరు కావాలి?" అని అడిగారు. వేళాకోళమనుకుని ఆ పిల్ల నవ్వింది. ఆయనా నవ్వేశారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. లైసెన్సు చేతికొస్తే ఆయన నడిపేది నలభైమంది పిల్లలున్న బస్సండీ.

ఇక మానేయమని ఆయన ముఖం మీద చెప్పలేను. సోమవారం మళ్ళీ మీ దగ్గరికి వస్తారు, పక్కన నేనూ ఉంటాను. నన్నెరగనట్టే ఉండండి. పెద్దాయన కదా అని జాలిపడి పై రెండు వరుసలతో వదిలేయకండి. మూడోది తప్పకుండా చదివించండి. మొదట పొరపాటుగా రాసుకొచ్చానని ఆయనతో చెప్పి, నిన్న ఆ వరుస మార్చి నేర్పాను.

"సమయానికి చూశావు, లేకపోతే మళ్ళీ ఫెయిలైపోయేవాణ్ణి" అన్నారు.