మరియమ్మ అడ్డం పడింది

ఆదివారం, రాత్రి

కొట్లాటలవుతాయని ఫాదర్ వద్దన్నా, దివ్యపూజ అయ్యాక నేనూ నా భార్య మరియమ్మా ఎర్రజెండా వాళ్ల యుద్ధ వ్యతిరేక ఊరేగింపులో కలిశాం.

పసుపు మార్కెట్ దగ్గర యుద్ధం కావాలనే కొందరు కట్టెలతో మా మీద పడ్డారు. మరియమ్మ మీదికొచ్చిన దెబ్బకు ఎర్రజెండా కార్యకర్త లక్ష్మి అడ్డం వచ్చింది. ఆమె తల పగిలింది. అది చూసి ఆమె తమ్ముడు రాజు, కొట్టినవాణ్ని కింద పడేసి, వాడి కట్టెతోనే మొహం పగలగొట్టసాగాడు. మరియమ్మ ఆ కిందపడ్డవాడి మీద అడ్డంగా పడింది. రాజు దెబ్బకు ఆమె చెయ్యి విరిగింది.

"సంపుతవా? గిందుకేనా మనం వచ్చింది?" అని అరిచింది.

దవాఖానలో లక్ష్మి తలకు కుట్లు వేస్తుంటే, రాజు మరియమ్మ ముందు ఏడ్చాడు. "ఇగ మాతోని రావు గద అక్కా?"

"వస్త. గని నువ్వు కట్టె పడితే మళ్ల గిట్లనే అడ్డం పడ్త."

ఇప్పుడు నా పక్కన నిద్రలో మూలుగుతోంది. ఫాదర్ మాటే నిజమేమో. కానీ లక్ష్మి అడ్డం రాకపోతే, నాకు ఈ మూలుగు కూడా వినిపించేది కాదు.