కిటికీకి కట్టిన లంగా

మహబూబ్‌నగర్,
ఆదివారం

నాయినా,

రోజంతా కంప్యూటర్ మీద చీరల అంచులు గీసి గీసి కళ్లు మండుతుంటే మొన్న దవాఖానకు పోయాను. చుక్కల మందు రాస్తుందనుకున్నాను. డాక్టరమ్మ మాత్రం, "ఇరవై నిమిషాలకోసారి తలెత్తి జర దూరం చూడమ్మా, రెప్పలు కొట్టుడు మర్వొద్దు" అన్నది. అంతే.

నాకు నువ్వే గుర్తొచ్చావు. మగ్గం మీద జానెడు నేసి, చెయ్యాపి, కిటికీలోంచి గుట్ట వైపు చూసేవాడివి. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఎవరిదో పెళ్లి చీర గడువుకు అందదని అమ్మ గాబరా పడుతుంటే, నీ ధ్యాస బయటికి పోతోందని నేనే కిటికీ కింది సగానికి పాత లంగా కట్టాను. నువ్వు నవ్వి, "మంచి పని చేసినవ్ బిడ్డా" అన్నావు. నిజమే అనుకున్నాను.

ఆ లంగా ఇంకా అట్లనే ఉందట. "బిడ్డ కట్టింది, ఉండనియ్యి" అంటావట. ఇప్పుడు పోగు తెగితే నీకు కనబడడం లేదని కూడా అమ్మ ఫోన్లో చెప్పింది. వయసుకు అంతేనని కొట్టిపారేస్తున్నావట.

వచ్చే ఆదివారం వస్తున్నాను. నిన్ను కళ్ల దవాఖానకు తీసుకుపోతాను. దానికంటే ముందు కిటికీకి కట్టిన ఆ ముడి విప్పాలి. నేనే విప్పుతాను, నువ్వు ముట్టుకోకు.

నీ బిడ్డ