మందుకి గడి లేని పటం

1986 జూలై 10, గురువారం. పగలంతా ఉక్క, వాన జాడ లేదు. పొద్దున పాక కప్పు సరిచేశాను.

మూడెకరాల్లో మళ్లీ పత్తి వేయాలో వద్దో తేల్చుకుందామని సాయంత్రం వ్యవసాయాఫీసరు మీటింగుకి వెళ్లాను. ఆయన గోడకి ఒక పటం తగిలించాడు. ఎండకొక గడి, వానకొకటి, తెల్లదోమకొకటి, పంటకొకటి, మధ్యలో బాణాలు. ఏటేటా ఎండలు ముదిరితే పంట ఏమవుతుందో ఈ నమూనా చెబుతుందట. చేలో కాలు పెట్టని మనిషి బాణాలు మాత్రం చక్కగా గీశాడు.

పక్క చేను యేసోబు ఊరుకోలేదు. "ఏవండీ, మేం చేలో కొట్టే పురుగుమందు ఏ గడిలో ఉందండీ?"

"అది ఇందులో లేదండీ. ఇది వాతావరణం సంగతి."

"అయితే దోమ ఎండకే పెరిగిందన్నమాట. బతికించారు, మా తప్పేం లేదు."

అందరితోపాటు నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఆ పటం ఈ పుస్తకం వెనక గీసి, మందుకో గడి కలిపాను. నిరుడు దోమ చావలేదని రెండు మందులు కలిపి వారం వారం కొట్టింది నేనే. కొట్టినకొద్దీ దోమ పెరిగింది. ఆఫీసరుకి తెలియదు సరే, నాకు తెలిసి కూడా...

రేపు పత్తి విత్తనాలకి దర్శి బస్సెక్కాలి. ఎక్కితే మళ్లీ అలాగే మందు కొట్టి, తప్పంతా ఎండ మీదికే నెట్టేస్తాను. ఎక్కకపోతే ఆ మూడెకరాల్లో ఏం వేయాలో ఇంకా తోచలేదు.