బాగుండేవాళ్ళకి మూడు ప్రశ్నలు

బెంగళూరు, 1964

పిళ్ళప్ప మామకి మేనల్లుడు రామచంద్రప్ప నమస్కారాలు.

మామా, మనసు జబ్బు కనుక్కునే ఇంగ్లీషు ప్రశ్నల్ని మా ఆస్పత్రి కోసం తెలుగు చేసినాను. జబ్బు లేనివాళ్ళు "లేదు" అంటేనే నా తెలుగు సరి. చాకవేలులో బాగుండేవాళ్ళని అడిగి రాయండి: మీకు ఎవరన్నా కీడు తలపెడతాండారా? మీ మనసులో మాట ఊరందరికీ తెలిసిపోతాందా? మనిషి కనపడకుండా మాటలు వినిపిస్తాయా?

మీ రామచంద్రప్ప

తా.క. అత్తను కూడా అడగండి.

చాకవేలు

చిరంజీవి రామచంద్రప్పకి మామ దీవెనలు.

అందురూ "అవును" అనిరి నాయనా. "కీడు తలపెట్టకపోతే దాయాదులెట్లయితారు? చింతామణి కోర్టులో దావా ఉండాది" అనె బయ్యప్ప. మనసులో మాట హనుమక్కకి చెప్పినాక ఊరికి తెలీకుండా యాడ పోతాది? మాటలంటావా, పంచాయితీ రేడియోలో దినామూ వింటాండాము.

ఇట్లు, పిళ్ళప్ప

తా.క. "నీకు కీడు తలపెట్టేదెవురో చెప్పు" అని మీ అత్త నన్నే అడిగె. కొంచేపు ఆలోచన చేస్తిని. అప్పుట్నించి ఆమె పొయ్యి అంటించలే.

బెంగళూరు

మామకి నమస్కారాలు.

మీ లెక్కన చాకవేలంతా ఆస్పత్రిలో చేరాల! "ఇన్ని పడకలు యాడ తెచ్చేది?" అని మా పెద్ద డాక్టరు తల పట్టుకున్నారు. తప్పు ఊరిది కాదు, నా తెలుగుది. దాయాదులు దూరకుండా మొదటి ప్రశ్న మార్చినాను: "ఇంట్లోవాళ్ళు కూట్లో విషం కలుపుతాండారని భయమా?"

మీ రామచంద్రప్ప

తా.క. ఇది అత్తను అడగొద్దు.

చాకవేలు

రామచంద్రప్పకి దీవెనలు.

పడకలనే మాట విని, ఊరికి ఆస్పత్రి వస్తాందని బయ్యప్ప అప్పుడే జాగా కొలుస్తాండాడు.

కొత్త ప్రశ్నకి అందురూ నగిరి. ఆదెప్ప ఒక్కడే నగలే. ఉగాది నించి ఆయప్ప తన చేత్తో కొట్టుకున్న టెంకాయ తప్ప ఏమీ ముట్టడు. ఏదో వ్రతమని మేము "సామీ" అని కాళ్ళు మొక్కుతా ఉంటిమి. పక్కకి పిలిచి, "పెండ్లాము విషం కలిపే సంగతి బెంగళూరు దాకా ఎట్ల తెలిసె?" అనె. ఇది వ్రతం కాదని అప్పుడు తెలిసె.

రేపు బస్సుకి పిల్చుకొని వస్తాను.

పిళ్ళప్ప

తా.క. దోవలో తినను టెంకాయలు మూటకట్టినాము.

బెంగళూరు

మామకి నమస్కారాలు.

మందులతో తేరుకున్న ఆదెప్పను ఇంటికి పంపుతాండాను. మాత్రలు మానకుండా చూడండి. బాగుండేవాళ్ళు నగినారు, బాధపడేవాడు నగలేదు. ఆ ప్రశ్న నిలబడింది. మీ మేలు మరువను.

మీ రామచంద్రప్ప

చాకవేలు

నాయనా రామచంద్రప్పా,

మేలు మాది కాదప్పా, నీది. నిన్న ఆదెప్ప పెండ్లాము చేతి రాగిముద్ద తినె. ఆయమ్మ చెంగుతో కండ్లు తుడుచుకుంటా, "ఇంకొంచెం పెట్టేదా?" అనె. ఆయప్ప "పెట్టు" అనె. నీ కడుపు చల్లగుండాల.

పిళ్ళప్ప మామ

తా.క. ఊరికి సామి లేకుండా పోయెనని బయ్యప్పకి బాధ. ఆయమ్మకి మొగుడు దొరికెనని నేను చెప్పినాను.