నెల ముందా, తేదీ ముందా

1986 మార్చి 4, మంగళవారం

మనసు కుదురుగా లేదు. క్రేన్ ఆపరేటర్ అప్పలనాయుడు రిటైర్మెంట్ కాగితం పట్టుకుని పొద్దున్నే మా కంప్యూటర్ సెక్షన్‌కి వచ్చాడు.

"నాను పుట్టింది నవంబర్ మూడున బాబూ. ఈ నెలాఖరుకే ఎల్లిపొమ్మంతన్నారేటి?"

రికార్డులో పుట్టినతేదీ 3-11 అని సరిగ్గానే ఉంది. ఏ నెలలో ఎవరు రిటైరవుతారో జాబితా తీయడానికి నేను కంప్యూటర్‌కి రాసిచ్చిన క్వెరీయే దాన్ని మార్చి పదకొండుగా చదివింది. "చూస్తాను, రేపు రండి" అన్నాను గాని, తప్పు నాదని చెప్పలేదు.

మధ్యాహ్నం క్వెరీని దిద్దాను. ముందు అంకె రోజు, తర్వాతది నెల. అనుమానమొచ్చి ఫిబ్రవరి జాబితా కూడా మళ్లీ తీశాను. ఈసారి అందులో వెల్డర్ సింహాచలం పేరు లేదు. ఆయన పుట్టినతేదీ 2-10. అక్టోబర్ దాకా ఉద్యోగం ఉన్న మనిషిని మొన్న శుక్రవారమే దండ వేసి పంపించేశాం. నేనూ చప్పట్లు కొట్టాను. "ఇంకా టైముందనుకున్నాను బాబూ. కంప్యూటరే సెప్పీసినాక ఇంకేటుంది?" అని ఆయన నవ్వాడు కూడా.

ఆఫీసరుకి చెబితే నా ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. చెప్పకుండా ఉండలేను. ముందు మాత్రం రేపు పొద్దున్నే గాజువాక బస్సెక్కి సింహాచలం ఇంటికి వెళ్తాను. ఆయన తలుపు తీస్తే మొదటి మాట ఏమనాలో ఇంకా తోచడం లేదు.